వంటిల్లు నా చేతికొచ్చిన శ్రావణం

ఆ ఏడు హైదరాబాదు సంస్థానంలో ఎవరిని చూసినా అవతలివాణ్ని గద్దె దిగమనే అడుగుతున్నారు. ఎవరూ దిగడం లేదు. మా అత్తమ్మ అనసూయమ్మ మాత్రం శ్రావణమాసం మొదట్లో ఒకనాడు పొద్దున్నే, ఎవరూ అడగకుండానే దిగిపోయింది.

వంటింటి గడప ఇవతల నిలబడి, బొడ్లోంచి తాళంచెవి తీసి నేలమీద పెట్టింది. "ఇగ నువ్వే చూస్కో. నాకు పొయ్యి పొగ పడుతలేదు" అన్నది. చేతికివ్వాల్సిన తాళంచెవి నేలమీద ఎందుకు పెట్టిందని నేను ఆలోచించలేదు. గెలిచినవాళ్లు అలాంటివి ఆలోచించరు.

నేను ఆ ఇంటికి వచ్చి మూడేళ్లు. కోఠీలో ఉర్దూలో బి.ఏ. చదివి, రెజిమెంటల్ బజార్‌లో కంసాలి ఇంట్లో అడుగుపెట్టాను. ముందు గదిలో మావారి కుంపటి, వెనక రెండు గదులు, వంటిల్లు, పెరట్లో బావి. గోడ అవతల ఇమాం వలి దర్జీ ఇల్లు. మూడేళ్లలో నాకు దక్కిన వంటపని కూరగాయలు తరగడం. పొయ్యి దగ్గరికి పోవాలంటే మడి కావాలి. నా మడి మీద అత్తమ్మకు నమ్మకం లేదు. కాలేజీలో ఎవరెవరి పక్కన కూర్చున్నానో అని.

ఇప్పుడు ఆ పొయ్యి నాది. మావారితో చెప్పాను. అత్తమ్మకు నా విలువ తెలిసొచ్చిందన్నాను. ఆయన ఊదుగొట్టం నోట్లోంచి తియ్యకుండానే తలూపారు. ఆయనకు తీరిక లేదు. ఊరు సగం బెజవాడకో, షోలాపూరుకో పోయే ప్రయత్నంలో ఉంది. గొలుసులు, వడ్డాణాలు తెచ్చి కరిగించి ముద్ద చేసిమ్మంటున్నారు. ముద్దయితే నడుముకు కట్టుకోవచ్చు, గోడలో పెట్టి పూడ్చుకోవచ్చు. ఊళ్లోవాళ్ల ఆడపిల్లల పెళ్లిళ్లకు తానే చేసిన నగలను పొద్దంతా ఆయనే కరిగిస్తున్నారు.

మేమూ పోదామనుకున్నాం. ట్రంకుపెట్టె మూడుసార్లు సర్ది మూడుసార్లు విప్పాను. బెజవాడలో ఆయన పెదతండ్రి కొడుకున్నాడు, రమ్మని రాశాడు కూడా. అత్తమ్మ ససేమిరా అన్నది. అంతసేపు బండిలో కూర్చోవడం తనవల్ల కాదన్నది. రజాకార్లు వస్తే అని మావారు మొదలుపెడితే, వస్తే రానీ, మంచినీళ్లిచ్చి పంపిస్తానన్నది. మొండితనమని ఇద్దరం తీర్మానించుకున్నాం.

ఈలోపు నా ఒంటి సంగతి వేరే. వీధిలో లారీ పోతే గుండె దడ. అర్థంకాని నినాదం వినిపిస్తే అరిచేతుల్లో చెమట. కాలేజీలో శరీరశాస్త్రం చదివిన పాపానికి, మావారి గడియారం పక్కన పెట్టుకొని నాడి చూసుకునేదాన్ని. పొద్దున డెబ్బై ఎనిమిది. రేడియో వార్తల తర్వాత తొంభై ఆరు. ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా. కడుపులో గుడగుడమన్నా, కనురెప్ప అదిరినా నాకు తెలియకుండా పోయేది కాదు. అత్తమ్మ స్తంభానికి ఆనుకొని నన్ను చూసేది.

"ఏమంటున్నదే నీ గుండె? ఉర్దూల మాట్లాడుతున్నదా, తెలుగులనా?"

నేను నవ్వి లెక్క మర్చిపోయి మళ్లీ మొదటినుంచి పెట్టేదాన్ని. ఆమె ఎందుకు స్తంభానికి ఆనుకొని నిలబడిందో చూడలేదు. నిటారుగా నిలబడే మనిషి ఆమె.

శ్రావణం మధ్యలో నాకు నెలసరి వచ్చింది. మా ఇంట్లో ఆ మూడు రోజులూ వెనక వరండా మూల చాప, చెంబు, పళ్లెం. నేను దాన్ని సర్కారు సెలవు అనుకునేదాన్ని. నెలకు ఒక నవల అక్కడే పూర్తయ్యేది. ఈసారి చాప పరుచుకోబోతుంటే అత్తమ్మ గొంతు తగ్గించి, కూర్చోవద్దన్నది.

"తానం జేసి వంట చెయ్యి. ఊరు గిట్లున్నప్పుడు ఎవరు చూస్తరు. వానికి చెప్పకు."

పదిహేనేళ్ల చదువుతో సాధించలేనిది మూడేళ్ల కాపురంతో సాధించానని పొంగిపోయాను. ఒక ఇంట్లో ఆచారం ఇలా చడీచప్పుడూ లేకుండా రాలిపోవడం గురించి వ్యాసం రాద్దామా అని కూడా అనుకున్నాను. నేను కూర్చుంటే వంటింట్లోకి తాను పోవాల్సి వస్తుందని, తాను పోలేదని, ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకునే తెలివి నాకు లేకపోయింది.

ఇంకోటి కూడా చూశాను, తప్పుగానే. రోజు మార్చి రోజు గోడ మీదినుంచి జైనాబీ, అంటే ఇమాం వలి భార్య, చిన్న గుడ్డమూట అందించేది. అత్తమ్మ దాన్ని కొంగులో దాచుకొని లోపలికి పోయేది. ఊరంతా బంగారం గుడ్డల్లో కుట్టి దాచుకుంటున్న రోజులు. కోడలికి తెలియకుండా అత్తమ్మ తన సొమ్ము మూటలు కుట్టుకుంటోందని అనుకున్నాను. రెండు రోజులు అలిగాను. ఆమె నా అలక గమనించనే లేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది.

శ్రావణం చివర్లో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన పడింది. పెరట్లో దండెం మీద అత్తమ్మ చీర రెండు మడతలుగా ఆరేసి ఉంది. పరుగెత్తి లాగాను. చీర కింద ఇంకో వరసలో గుడ్డముక్కలు ఉన్నాయి. దర్జీ దుకాణంలో మిగిలే తెల్ల జీను బట్ట ముక్కలు. ఎంత ఉతికినా పోని మరకలు. ఆడదానికి అవేమిటో ఒకరు చెప్పాల్సిన పని లేదు. నాకు అప్పుడు ఆ రోజులు కావు. ఇంట్లో ఉన్న ఇంకో ఆడమనిషికి ముట్లుడిగి ఏడేళ్లు.

వానలో అలాగే నిలబడ్డాను. శరీరశాస్త్రం పంతులమ్మ ఒకనాడు తరగతి తలుపు మూసి, గొంతు తగ్గించి చెప్పిన పాఠం గుర్తొచ్చింది. ఆగిపోయిన తర్వాత మళ్లీ కనబడితే అది వయసు తిరిగిరావడం కాదు, శరీరం పెట్టుకునే అర్జీ, చదవకుండా పక్కన పడెయ్యకండి అన్నది. మేము కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వాం.

ముందు జైనాబీ దగ్గరికి పోయాను. నా చేతిలో తడిగుడ్డ చూసి ఆమె గోడకు చేరగిలబడింది. తాను నోరు విప్పనని ఒట్టు వేసిందట. "నువ్వే సూసినవ్ గద బేటీ, ఇగ నేను చెప్పినట్టు కాదు" అని ఒట్టునుంచి తనను తాను విడిపించుకొని, మొత్తం చెప్పింది. మూడు నెలలు కావస్తోంది. జ్యేష్ఠంలో కొద్దిగా, బోనాలప్పుడు ఎక్కువగా, ఇప్పుడు ఆగకుండా.

"నా ముందట ఏడ్వలే. నవ్వింది. గందుకే నాకు పరేషానయింది" అన్నది.

అత్తమ్మ పెరటి గడపలో కూర్చొని బియ్యంలో రాళ్లేరుతోంది. వండడానికి ముందు చేసే పనులకు దోషం లేదని తనకు తాను సర్దిచెప్పుకున్నట్టుంది. గుడ్డముక్క ఆమె ముందు పెట్టాను. చేట పక్కన పెట్టింది.

"ఏడేండ్లయింది గద అత్తమ్మా" అన్నాను.

"రేడియోల రోజు చెప్తరు, నిజాం పని అయిపోయింది అయిపోయిందని. కూసొనే ఉన్నడు గద. గిది సుత గంతే."

నవ్వు రాలేదు నాకు. జైనాబీకి చెప్పావు, నాకెందుకు చెప్పలేదని అడిగాను. ఆ ప్రశ్నలో జబ్బు గురించిన బాధకంటే నా పరువు గురించిన బాధే ఎక్కువుందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"దానింట్ల నేను మంచినీళ్లు సుత తాగ. దాని ముందట నాకు మడేంది, మైలేంది? నీకు చెప్తే మూల చాప నాకెయ్యాలె. వాడు అడుగుతడు. యాభై ఆరేండ్ల ముసల్ది బయటున్నదని ఎట్ల చెప్తవ్ వానికి?"

తర్వాత అసలు సంగతి వచ్చింది, చేటవైపు చూస్తూ. మొదటి రెండు నెలలూ పోతుందిలే అనుకొని ఆమె వంట మానలేదు. ఆ చేతులతోనే దేవుడికి నైవేద్యం పెట్టింది. ఆ తర్వాతనే ఊరు ఇట్లయింది. నిజాముకూ యూనియనుకూ మధ్య తగువు మా అత్తమ్మ పెట్టిన పులిహోర వల్ల ముదిరిందని ఏ చరిత్రకారుడూ రాయడు. ఆమె మాత్రం నమ్మింది. నమ్మి, నోరు మూసుకొని, చిక్కిపోతోంది.

సాయంత్రం మావారిని అటు తిప్పి ఇటు తిప్పి అడిగాను, అత్తమ్మ చేతి బంగారు కడియం వదులైందా అని. అది మామయ్య చేసింది, ఆయన పోయినప్పుడు గాజులన్నీ తీసేసినా ఆమె దాన్ని తియ్యలేదు.

"రెండుసార్లు తగ్గించిచ్చిన" అన్నారు ఆయన. "ఆషాఢంల ఒకసారి, మొన్న ఒకసారి. ముసలితనంల చెయ్యి సన్నమైతది."

రెండు నెలల్లో రెండుసార్లు. ఆయన పట్టకారు తీసుకొని మళ్లీ కుంపటివైపు తిరిగారు. వెయ్యిమంది మణికట్లు కొలిచిన మనిషి. తల్లి చెయ్యి ఆయనకు పనిగానే కనబడింది. నా నాడి నాకు పుస్తకంగా కనబడినట్టు.

సీతాఫల్‌మండిలో డాక్టర్ ఎలీసబెతు ఉండేది. ముందు గదే ఆస్పత్రి. అక్కడికి పోదామంటే అత్తమ్మ పది రోజులు తప్పించుకుంది. ఒకనాడు అమావాస్య, ఒకనాడు వాన, తర్వాత వినాయక చవితి. చివరికి ఒక షరతు పెట్టింది. రెజిమెంటల్ బజార్‌లో తనను ఎరుగనివాడు లేడు. ఆడడాక్టరు గడప ఎక్కుతుంటే ఎవరైనా చూస్తే ఇంకేమైనా ఉందా. జైనాబీ బుర్ఖా ఇస్తే, అది వేసుకొని, జైనాబీ తోడుంటే వస్తుందట. గోడ అవతల పంచాయతీ జరిగింది. జైనాబీ తన రెండో బుర్ఖాకు ఇమాం వలి చేత నాలుగు వేళ్ల అంచు వేయించింది, అత్తమ్మ పొడుగరి కాబట్టి. కంసాలి ఇంటి పెద్దదిక్కు మా అత్తమ్మ బుర్ఖాలో తిరిగి తిరిగి చూసుకొని, "లోపల మస్తు సల్లగున్నది" అన్నది. మర్నాడు సోమవారం పోవాలని అనుకున్నాం.

ఆ సోమవారం సెప్టెంబరు పదమూడు. పొద్దున్నే విమానం చప్పుడు వినబడింది. యూనియన్ సైన్యం సరిహద్దు దాటిందని మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. దుకాణాలు మూశారు. మావారు కుంపటి ఆర్పి, తలుపుకు అడ్డగడియ పెట్టి, గోడకేసి కూర్చున్నారు. ఊరంతా వణుకుతుంటే మా అత్తమ్మ ఒక్కతే తేలికపడింది. డాక్టరు దగ్గరికి పోవడం తప్పింది కదా.

ఐదు రోజులు. రేడియో ఒకటి చెబితే వీధి ఇంకోటి చెప్పింది. నేను ఆ గదినుంచి ఈ గదికి, ఈ గదినుంచి ఆ గదికి తిరిగాను. మూడోనాడు అత్తమ్మ బావి దగ్గర చేద లాగుతూ గిలక స్తంభాన్ని కౌగిలించుకొని నిలబడిపోయింది. పట్టుకొని కూర్చోబెట్టాను. గడియారం తెచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాను. మూడేళ్లలో ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. నూటపద్దెనిమిది. మళ్లీ చూశాను, అంతే. పెదవుల లోపలివైపు సున్నం రంగు. ఆ ఐదు రోజుల్లో నా గుండె ఎంత కొట్టుకుందో నాకు తెలియదు. నోటుపుస్తకంలో ఆ వారం నా పేరు లేదు.

శుక్రవారం నాడు యుద్ధం అయిపోయిందన్నారు. శనివారం సైన్యం ఊళ్లోకి వచ్చింది. వీధిలో దండలు, జెండాలు, ఎప్పుడూ పలకరించనివాళ్ల కౌగిలింతలు. ఇమాం వలి ఇంటి తలుపు మాత్రం మూసే ఉంది. ఆయన గుడ్డ తెచ్చిన ప్రతివాడికీ కుట్టాడు. రజాకార్లు ఖాకీ తెస్తే అదీ కుట్టాడు. ఇప్పుడు ఆ సంగతి కొందరికి గుర్తొస్తోంది. గోడ మీదినుంచి పిలిస్తే జైనాబీ పలకలేదు.

సోమవారం ఉదయం అత్తమ్మ తనంతట తాను చెప్పులేసుకుంది. పోదామా అని నేను అడగబోతుంటే, "ఇగ ఆగేటట్టు లేదు" అన్నది. మావారు మోండా మార్కెట్టుకు పోయారు. ఆమె వీధిలోకి పోయి, ఇమాం వలి ముందు తలుపు తట్టింది. అన్నేళ్ల గోడ స్నేహంలో వాళ్ల ముందు తలుపు తట్టడం ఆమెకూ కొత్తే.

"నేనే, అనసూయమ్మను. తీయ్."

గడియ తీయకుండా లోపలినుంచి జైనాబీ చెప్పింది. బుర్ఖా వేసుకుంటే వీధి ఊరుకోదు, వేసుకోకుండా తాను బయటికి రాదు. మీరు పోయి రండి అన్నది.

"డాక్టరమ్మ ముందట నాకు మాట రాదు. కోడలు ముందట అసలే రాదు. నువ్వుండాలె" అన్నది అత్తమ్మ. కాసేపాగి, "నువ్వేస్కో. నాకొద్దు. నా మొఖం ఈ బజారుకంతా ఎరికనే. నా చెయ్యి పట్కొని నడు" అన్నది.

గడియ చాలాసేపటికి తెరుచుకుంది.

జట్కాలు లేవు. ముగ్గురం నడిచాం. మధ్యలో అత్తమ్మ, ఆమె కుడిచెయ్యి పట్టుకొని బుర్ఖాలో జైనాబీ, ఎడమవైపు నేను. నాలుగడుగులకొకసారి అత్తమ్మ ఆగేది. ఆగినప్పుడల్లా జైనాబీ ఆమె చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకునేది.

బజారు మలుపులో ఐదారుగురు జెండాలతో ఉన్నారు. వాళ్లలో ఇనుప సామాను అమ్మే పర్వతాలు అనే అతను ఉన్నాడు. అతని పెళ్లి ఉంగరం చేసింది మావారే. పర్వతాలు అడ్డం వచ్చి, అత్తమ్మకు దండం పెట్టి, కళ్లతో బుర్ఖావైపు చూపించాడు.

"గీమె ఎవరు పెద్దమ్మా? దర్జీ పెండ్లామా?"

వెనక ఒకడు ఖాకీ అని ఏదో అన్నాడు. అత్తమ్మ గొంతు పెంచలేదు. రేపు ఏం కూర వండాలో చెప్పినట్టు చెప్పింది.

"నాకు తోడొస్తున్నది. మూడు నెలలసంది నాకు రక్తం పోతున్నది పర్వతాలూ. ముట్లుడిగినంక. డాక్టరు కాడికి పోతున్న. ఈమె లేకుంటే నడ్వలేను. ఇంకేమన్న అడుగుతవా?"

పర్వతాలు తల వంచుకున్నాడు. వెనకవాళ్లు ఒకరి వెనక ఒకరు జరిగారు. ఒకడైతే దుకాణం బోర్డు చదవడం మొదలుపెట్టాడు. మాకు దారి వచ్చింది. మలుపు తిరిగిన తర్వాత అత్తమ్మ రోడ్డు పక్క అరుగు మీద కూర్చొని, చాలాసేపు లేవలేదు. జైనాబీ ముసుగులోపల ఏడవడం వినబడింది.

డాక్టర్ ఎలీసబెతు మెదక్ వైపు మనిషి. తలుపు మూసి, ఎప్పటినుంచి అని అడిగింది. నేను సుమారు లెక్కలు చెప్పబోయాను. అత్తమ్మ నన్ను చెయ్యెత్తి ఆపి, జైనాబీ వైపు తిరిగి కూర్చొని, ఆమెకు చెబుతున్నట్టు చెప్పింది. జ్యేష్ఠ శుద్ధ పంచమి, శనారం నాడు పొద్దుగాల, పావలంత మరక. ఏకాదశికి ఆగింది. ఆషాఢ శుద్ధ నవమికి మళ్లీ. ఫలానా రోజు మెట్లెక్కితే ఆయాసం. ఫలానా రోజునుంచి అన్నం సహించలేదు. ఫలానా వారం ఎడమ తొడలోకి తీపు. ఒక్క తిథి తడుముకోలేదు. ఒంట్లో జరిగిన ప్రతిదీ ఆమె పంచాంగంలా మనసులో పెట్టుకుంది. చూసుకోలేదని నేననుకున్న మనిషి, నాకంటే బాగా చూసుకుంది. నోటుపుస్తకం లేదు, అంతే. వినేవాళ్లూ లేరు.

నొప్పి ఉందా అని డాక్టరమ్మ అడిగితే మాత్రం, "గంత లేదు" అన్నది.

పరీక్ష చేసి వచ్చి డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ నాతో చెప్పింది. గర్భసంచిలో గడ్డ ఉంది. ఇక్కడ మందులు లేవు, యూనియన్ సరుకులు ఆపిన దిగ్బంధంతో ఆపరేషన్ చేసేవాళ్లకు కూడా సామాను లేదు. రైళ్లు సరిగ్గా నడవగానే మద్రాసు తీసుకుపోవాలి. ఇంకా అదుపులో ఉందనే నా చేతికి అనిపిస్తోంది, ఇంకో మూడు నెలలు దాచి ఉంటే ఈ మాట అనగలిగేదాన్ని కాదు అన్నది. మద్రాసులో కార్తీకమాసంలో ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత అత్తమ్మ పదకొండేళ్లు బతికింది. కానీ ఆ రోజు సీతాఫల్‌మండిలో మాకు అదేమీ తెలియదు. తెలిసిందల్లా, ఇంటికి పోయి మావారికి చెప్పాలని. ఎలా చెప్పాలా అని దారంతా మాటలు కూర్చుకున్నాను.

ఆ కష్టం నాకు లేకపోయింది. బజారులో చెప్పిన మాట బజారులో ఆగదు. మేము వచ్చేసరికి మావారు దుకాణం మెట్టు మీద నిలబడి ఉన్నారు. లోపల ఇద్దరు ఆడవాళ్లు గొలుసులు పట్టుకొని ఎదురుచూస్తున్నారు. ఆయన వాళ్లను చూడటం లేదు. జైనాబీ తన తలుపు దగ్గర ఆగి, లోపలికి పోకుండా అక్కడే నిలబడింది.

ఆయన మెట్టు దిగారు. నన్ను ఏమీ అడగలేదు. తల్లి ముందు నిలబడి అడిగారు.

"నొప్పి ఉన్నదా అమ్మా?"

అత్తమ్మ తల వంచింది. కళ్లు మూసుకొని, ఒక చెయ్యి పొట్టకింద పెట్టుకొని, లోపల ఎవరో మాట్లాడుతుంటే విన్నట్టు నిలబడింది.

"ఉన్నది బిడ్డా" అన్నది. "ఎడమ దిక్కు. ఇప్పుడు సుత ఉన్నది."